సేలెంలో లేని చెట్టు

న్యూజెర్సీలో ఎడిసన్ నుంచి సేలెంకి టర్న్‌పైక్ అనే పెద్ద రోడ్డు మీద చివరి ఎగ్జిట్ దాకా వెళ్లాలి. దారంతా టోలే. దాన్ని రూపాయల్లోకి మార్చి లెక్కేసుకోవద్దని అల్లుడు అంటాడు గానీ, మదనపల్లె బుర్ర ఊరుకోదు. "నాన్నా, మంత్రగత్తెల్ని ఉరితీసిన సేలెం ఇది కాదు, అది మాసాచుసెట్స్‌లో ఉంది" అని అమ్మాయి నాలుగుసార్లు గుర్తుచేసింది. తెలుసమ్మా. నేను బయల్దేరింది చెట్టు కోసం.

ఊరు కట్టింది జాన్ ఫెన్విక్. ఒకప్పుడు ఇంగ్లండులో రాజు మీద తిరగబడ్డ క్రామ్‌వెల్ సైన్యంలో గుర్రపు దళం అధికారి. తర్వాత ఆయుధం పట్టని, ఒట్టు వేయని, దొరలొచ్చినా టోపీ తీయని క్వేకర్లనే క్రైస్తవ శాఖలో కలిసి, 1675లో ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు. శాంతి అని అర్థమొచ్చే పేరు పెట్టాడు గానీ భూమి దగ్గర ఆయనకది దొరకలేదు. బిల్లింజ్ అనే మరో క్వేకరుతో వాటాల పేచీ. కోర్టుకెక్కడం వాళ్లకు ఇష్టముండదు కాబట్టి విలియం పెన్ అనే ఇంకో క్వేకరు పెద్దమనిషిగా కూర్చుని, ఫెన్విక్‌కి పదో వంతు, మిగతా తొమ్మిది వంతులు అవతలివాడికి అని తేల్చాడు. మా ఇంట్లో అన్నదమ్ముల పంపకాలు ఇంతకంటే నయం.

స్థానికులైన లెనాపేలతో ఫెన్విక్ ఒప్పందం కుదుర్చుకున్నది ఒక ఓక్ చెట్టు కింద అని చెప్పుకుంటారు. దాని వయసు ఐదువందల ఏళ్ల పైమాటే అంటారు. నా దగ్గరున్న ఫోటోలో, ఆ చెట్టున్న క్వేకర్ల శ్మశానం నిండా కొమ్మలే. తీరా కారు దిగితే అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు. 2019 జూన్ 6న కూలిపోయిందట. బయల్దేరే ముందు ఫోన్లో చూడలేదా అని అమ్మాయి అల్లుడి మీద విరుచుకుపడింది. నేను పైకేమీ అనలేదు గానీ, లోపల టోల్ లెక్క మళ్లీ మొదలైంది.

కంచె దగ్గర ఒక పెద్దావిడ నా మొహం చూసి నవ్వింది. "మీరూ చెట్టు కోసమేనా?" అంది. క్వేకర్ల ప్రార్థన నుంచి వస్తోంది. ఇవాళ గంటసేపట్లో ఇద్దరే నోరు విప్పారట, మిగతాదంతా మౌనమే. మా వీధిలో రామభజన మైకు గుర్తొచ్చి నాకు నవ్వు ఆగలేదు. చెట్టు పడ్డాక మనిషి పోయినట్టు ఊరు ఊరంతా వచ్చి నిలబడిందని చెప్పింది. తను ఆ చెట్టు కాయ ఒకటి ముందే కుండీలో పాతిందట. ఇప్పుడది మోకాలెత్తు మొక్క. లోపల సమాధి రాళ్లన్నీ పొట్టివి. చచ్చాక కూడా ఎవరూ ఎవరికంటే ఎత్తుగా ఉండకూడదనట.

మార్కెట్ స్ట్రీట్‌లో పాత ఇటుక ఇళ్లు బాగున్నాయి. పారిపోయి వచ్చిన బానిసలను ఆదుకున్న అబిగైల్, ఎలిజబెత్ గుడ్విన్ అనే క్వేకరు అక్కచెల్లెళ్ల ఇల్లు కూడా అక్కడే. పెద్ద వీధిలో మాత్రం మూసేసిన షాపులే ఎక్కువ. కౌంటీ సీటంటే మన జిల్లా కేంద్రం లాంటిది, కానీ టీ నీళ్లకు కూడా దిక్కులేదు.

ఇక మిగిలింది 1735 నాటి కోర్టు. 1820లో రాబర్ట్ గిబ్బన్ జాన్సన్ అనే ఆసామి దీని మెట్ల మీద బుట్టెడు టమాటాలు తిన్నాడని, టమాటా విషమనుకుని, తిని చస్తాడని చూడ్డానికి జనం ఎగబడ్డారని కథ. ఆ కాలపు కాగితాల్లో దానికి ఆధారమేమీ లేదు. 1949లో రేడియోలో నాటకంగా వచ్చి దేశమంతా పాకింది. అబద్ధమైనా నాకు నచ్చింది. ధర పడిపోయిన ఏడాది మండీకి తీసుకెళ్లిన క్రేట్లను వెనక్కి తెచ్చే కిరాయి కూడా దండగని రోడ్డు పక్కనే కుమ్మరించి వచ్చినవాణ్ని. టమాటా తింటుంటే చూడ్డానికి జనం రావడమా!

మా ఆవిడ కట్టిచ్చిన పెరుగన్నం, టమాటా పచ్చడి డబ్బా తీసుకుని మెట్ల మీద కూర్చున్నాను. "నాన్నా, పోలీసులొస్తారు, కార్లో తిను" అని అమ్మాయి గోల. ఎవరూ రాలేదు. ఆదివారం కదా, కోర్టుకు సెలవు.