పాత పోస్టాఫీసు వెనక సందు

తునిలో రత్నాచల్ రైలు ఎక్కేసరికి నా దగ్గర 22,000 రూపాయలున్నాయి. కవర్లో పెట్టి, ఆ కవరు బైబిల్లో పెట్టి, బైబిల్ సంచిలో పెట్టి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ చూసి నవ్వింది. "దొంగతనం చేసినవాళ్లకే దొంగల భయం ఎక్కువలా ఉందండీ" అంది. ఆ మాట ఇంకెవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఆవిడంటే రాదు.

వైజాగ్ పోర్టులో నేను మూడేళ్లు కళాసీగా పనిచేశాను. సాయంత్రం కూలి చేతిలో పడితే రాత్రికి అయిపోయేది. తిండి మాత్రం పాత పోస్టాఫీసు వెనక సందులో ఒక పిన్ని దగ్గర, ఖాతా మీద. రేకుల షెడ్డు, రెండు బల్లలు, గల్లాపెట్టెకి బదులు పాత బిస్కెట్ల డబ్బా. 2013 డిసెంబరులో, మార్గశిర గురువారం నాడు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి జనం పోటెత్తారు. పిన్నికి తెల్లారుజాము నుంచి బేరమే బేరం. ఆ అమ్మకం, మర్నాడు కట్టాల్సిన చీటీ డబ్బు కలిపి డబ్బాలో 11,000 ఉన్నాయి. లెక్క ఎలా తెలుసంటే, రైల్లో లెక్కపెట్టుకున్నది నేనే.

తర్వాతి కథ మా చర్చి సంఘంలో చాలాసార్లు చెప్పాను. తాగుడు, ఆసుపత్రి, అమ్మ కన్నీళ్లు, 2017లో బాప్తిస్మం. సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ అందరూ ఆమేన్ అనేవారు. అయితే అందులో "వైజాగ్‌లో చెడ్డ పనులు చేశాను" అని ఒక్క ముక్కలో దాటేసేవాణ్ణి. పిన్ని సంగతి ఎప్పుడూ చెప్పలేదు. తాగుబోతునని చెప్పుకోవడం నాకు సులువే. జనం జాలిపడతారు. దొంగనని చెప్పుకోవడమే కష్టం.

తాగుడు మానాలనుకునేవాళ్ల ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి కూడా వెళ్లేవాణ్ణి. వాళ్ల పన్నెండు మెట్లలో ఎనిమిదోది, మనవల్ల దెబ్బతిన్నవాళ్ల జాబితా రాయడం. తొమ్మిదోది, వీలైన చోటల్లా స్వయంగా వెళ్లి సరిచేయడం, అలా వెళ్లడంవల్ల వాళ్లకి కొత్త నష్టం రాకపోతేనే. నా జాబితాలో మొదటి పేరు పిన్నిదే. ఏడేళ్లపాటు అది జాబితాలోనే ఉంది.

ఎంత ఇవ్వాలన్న దగ్గర ఇంట్లో పెద్ద చర్చ. బైబిల్లో లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని యేసుతో అంటాడు. ఆ లెక్కన 44,000. మా దగ్గర లేవు. పాస్టరుగారిని అడిగితే, "నాలుగంతలు యేసు అడగలేదయ్యా, జక్కయ్యే అన్నాడు" అన్నారు. మా ఆవిడ సంఖ్యాకాండం 5 తీసి, అసలుకి ఐదో వంతు కలిపి ఇస్తే చాలని చూపించింది. అంటే 13,200. చివరికి రెండింతల దగ్గర ఆగాం.

స్టేషన్లో దిగి ఆటో ఎక్కాం. "పాత పోస్టాఫీసు" అనాల్సిన నా నోరు "రాస్ హిల్" అంది. మా ఆవిడ నా మొహంలోకి చూసి ఊరుకుంది.

మెట్లెక్కుతుంటే మోకాళ్లు పట్టేశాయి. కొండ మీద మరియమాత గుడి. రాస్ అనే దొర కట్టుకున్న ఇల్లే తర్వాత ప్రార్థనాలయం అయిందంటారు. మేం ప్రొటెస్టెంట్లం. అయినా మా ఆవిడ వెళ్లి కొవ్వొత్తి వెలిగించి వచ్చింది, నేనేమీ అడగలేదు. కింద హార్బరు కాలవ, అటు పక్క డాల్ఫిన్స్ నోస్. ఈ పక్కనే దర్గా కొండ, వెంకటేశ్వరుడి కొండ. పోర్టులో ఉన్న మూడేళ్లూ ఈ మూడు కొండల్నీ రోజూ కిందనుంచి చూసినవాణ్ణి, ఒక్కసారీ ఎక్కలేదు. జనవరి ఎండ, సముద్రపు గాలి, ఓ ఓడ నత్తలా కాలవలోకి వస్తోంది. అక్కడే సాయంత్రం దాకా కూర్చునేవాణ్ణేమో.

దిగేటప్పుడు మా ఆవిడకి లండన్ మిషన్ కథ చెప్పడం మొదలుపెట్టాను. 1805లో క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు ఈ ఊరొచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ సాయంతో సువార్తలు తెలుగు చేశారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా మాత్రం 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. "అంటే జక్కయ్య తెలుగు మాట్లాడింది ఈ ఊళ్లోనేనన్నమాట. మరి పదండి" అంది.

ఇంక తప్పించుకోడానికి దారి లేదు.

సందు అలాగే ఉంది. రేకులు మాత్రం కొత్తవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు తునిలో టీవీ ముందు తాగి పడున్నాను. ఆ మైకంలోనూ పిన్ని రేకులు గుర్తొచ్చి, ఛానెల్ మార్చేశాను.

పిన్ని పెనం ముందే ఉంది. జుట్టంతా నెరిసింది. నేను రైల్లో బట్టీ పట్టిన మాటల్లో ఒక్కటీ రాలేదు. "పిన్నీ, నేను..." అన్నాను. అట్లకాడ పట్టుకుని ఓ క్షణం చూసింది.

"ఏటిరా, ఇప్పుడా రావడం?"

కవరు చేతిలో పెట్టాను. ఎంత తీసుకున్నానో, ఎంత తెచ్చానో చెప్పాను. క్షమించమని కూడా అన్నాను, గొంతు సరిగ్గా లేవలేదు. అట్టు మాడుతోందని ఎవరో అరిచారు. పిన్ని అట్టు తిరగేసి, చేతులు పైటకి తుడుచుకుని, బల్ల మీద కూర్చుని నోట్లు లెక్కపెట్టింది. రెండుసార్లు.

"ఆ నెల చీటీ కట్నేకపోనాను. ఆడాళ్లంతా నన్నే దొంగనాగ చూసినారు" అంది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. క్షమించాననీ అనలేదు.

నడుముకున్న తాళంచెవి తీసి, గోడకి బిగించిన ఇనప పెట్టె తెరిచి డబ్బు లోపల పెట్టింది. "డబ్బా ఏమైంది పిన్నీ?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"నువ్వెల్లిపోయిన కాడ్నించి తాళమే" అంది.

నాకు లేచిపోవాలనిపించింది. మా ఆవిడ మాత్రం బల్ల మీద తాపీగా కూర్చుని, "అత్తా, రెండు ప్లేట్లు ఇడ్లీ" అంది. పిన్ని ఇద్దరికీ పెట్టింది, నాకు చట్నీ రెండోసారి అడగకుండానే వేసింది. తినడం అయ్యాక ఆకులు తీస్తూ చెప్పింది, "ఖాతా లేదు బాబూ. అరవై రూపాయలు."

నా జేబులో చిల్లర లేదు. మా ఆవిడ పర్సులో వెతుకుతున్నంతసేపూ పిన్ని చెయ్యి చాపి అలా నిలబడే ఉంది.