ఎపాక్సీ లోపలిదాకా చేరిందా? దూలం పగుళ్ల పరీక్షలో నా అనుభవం

300 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక కాంక్రీటు దూలం పక్క ముఖాన వచ్చిన పగుళ్లను ఎపాక్సీతో (గట్టిపడే రెసిన్ జిగురుతో) నింపించే బాధ్యత నాకు వచ్చినప్పుడు, నింపడానికి ముందే అల్ట్రాసోనిక్ (చెవికి వినపడని ధ్వని తరంగాల) కొలతలు తీసుకోవాలని గట్టిగా పట్టుబట్టాను. ముందటి కొలతలు లేకుండా మరమ్మతు తరువాత తీసే కొలతలను దేనితో పోల్చగలం?

మొదట కాంక్రీటులోని ఇనుమును పసిగట్టే కవర్ మీటరుతో ఇనుప ఊచల జాడ తీసి, వాటికి ఎడంగా ప్రోబులు (తరంగాన్ని పంపేది ఒకటి, అందుకునేది ఒకటి) పెట్టే చోట్లను పెయింటుతో గుర్తించాం. ఉక్కులో ధ్వని కాంక్రీటులోకన్నా వేగంగా సాగుతుంది కాబట్టి పగులును దాటే ఊచ దగ్గర కొలిస్తే లోతు అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది. పగులులో నీరున్నా ఇదే చిక్కు వస్తుంది కనుక దూలం పూర్తిగా ఆరేదాకా ఆగాం.

గ్రీజు రాసిన రెండు ప్రోబులను పగులుకు ఇరువైపులా 150 మిల్లీమీటర్ల దూరంలో పెట్టి చూశాం. పగులు లేని చోట అదే 300 మిల్లీమీటర్లు దాటడానికి తరంగానికి 75 మైక్రోసెకన్లు, అంటే సెకనుకు 4 కిలోమీటర్ల వేగం, పట్టింది; పగులు మీద 125 పట్టింది. తరంగం పగులు కొనను చుట్టి వస్తుందన్న లెక్కన లోతు 200 మిల్లీమీటర్లని తేలింది.

ఎపాక్సీ ఎక్కించి, అది పూర్తిగా గట్టిపడ్డాక అవే గుర్తుల మీద కొలిస్తే అన్ని చోట్లా 75కు చేరువగానే వచ్చింది. పని ముగిసిందని అందరూ అన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. రెండు ప్రోబులూ ఒకే ముఖం మీద ఉన్నప్పుడు పైపొర ఒక్కటి నిండినా తరంగం ఆ పొరలోంచే నేరుగా దాటిపోతుంది. లోపలి ఖాళీ సంగతి ఆ అంకె చెప్పదు.

అందుకే ఒక ప్రోబును ఇటు ముఖం మీద, రెండోదాన్ని అటు ముఖం మీద పెట్టి, దారి పగులును లోపల ఏటవాలుగా కోసేలా చూశాం. ఖాళీని తరంగం చుట్టి వచ్చినా ఈ దారిలో సమయం ఒకటి రెండు మైక్రోసెకన్లకు మించి పెరగకపోవచ్చు, కాబట్టి తెర మీది తరంగం బలాన్ని కూడా గమనించాలి. గ్రీజు పొర తేడా వల్ల కూడా బలం తగ్గుతుంది గనుక ప్రతి చోటా ప్రోబులను తీసి మళ్లీ పెట్టి కొలిచాం. ఒక పగులు దగ్గర మాత్రం సంకేతం ఎన్నిసార్లు చూసినా బలహీనంగానే ఉండిపోయింది.

అక్కడ ఊచలు తగలకుండా సన్నని కోర్ (కాంక్రీటులోంచి కోసి తీసే స్తంభాకారపు నమూనా) తీయించాను. ఎపాక్సీ పైన 40 మిల్లీమీటర్ల వరకే ఉంది. దాని కింద పగులు, ప్యాకర్ల (ఎపాక్సీని లోపలికి ఎక్కించే గొట్టాల) కోసం రంధ్రాలు వేసినప్పుడు రాలిన పొడితో పూడిపోయి ఉంది. ఈసారి పగులును లోతులో కలిసేలా ఏటవాలు రంధ్రాలు వేయించి, పొడిని వాక్యూమ్‌తో లాగించాక మళ్లీ ఎపాక్సీ ఎక్కించారు. అది గట్టిపడ్డాక అటూ ఇటూ పెట్టి తీసిన సంకేతం పగులు లేని చోటి సంకేతంతో సరితూగింది. కోర్ తీసిన రంధ్రాన్ని కుంచించుకుపోని మోర్టారుతో పూడ్పించి, మూడు దఫాల కొలతలనూ ప్రోబుల స్థానాల పటంతో కలిపి కట్టడం రికార్డులో చేర్చాను.