కొత్తిమీరకు రకాలేంటమ్మా అన్నాడు

కుండీల్లో కొత్తిమీర వేద్దామనుకునేవాళ్లు విత్తనాలు కొనేటప్పుడే జాగ్రత్త పడండి, మిగతాదంతా తేలికే. విజయవాడలో మా మేడ మీద ఈ చలికాలం మూడు రకాలు పక్కపక్కన వేసి చూశాను. ఒకటి కిరాణా కొట్లో కొన్న వంట ధనియాలు, రెండోది బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క ఇషా, మూడోది ఊళ్లో విత్తనాల కొట్లో ‘హైబ్రిడ్’ అని ఇచ్చిన ప్యాకెట్. ఒకే సైజు గ్రోబ్యాగులు, ఒకే మట్టి. గింజల్ని అప్పడాల కర్రతో మెల్లగా నలిపి బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లాను. మొదటి రెండూ చక్కగా మొలిచాయి.

ఆ మూడోదే నా ప్రాణం తీసింది. అక్కడో మొలక ఇక్కడో మొలక. ప్యాకెట్ మీద రకం పేరే లేదు. ధర స్టిక్కర్ ఓ మూల లేచి ఉంటే గోటితో గీకాను, దాని కింద గడువు తేదీ! ఎప్పుడో దాటిపోయింది.

పట్టుకుని కొట్టుకు వెళ్లాను. కౌంటర్ దగ్గర రైతులు చాలామంది ఉన్నారు. ఇది ఏ రకమండీ అని అడిగితే, కొట్టతను అందరికీ వినపడేలా, "కొత్తిమీరకు రకాలేంటమ్మా? పది రూపాయలకు కట్ట వస్తుంటే ఈ గోలెందుకు? పక్కకి జరగండి, ఎకరాల్లో వేసేవాళ్లు నిలబడ్డారు" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మొహం కందిపోయింది. అయినా కదల్లేదు. నా వెనక ఉన్న పెద్దాయన ఒకాయన ప్యాకెట్ అందుకుని, కళ్లజోడు పైకి తోసి చదివి, "ఆవిడ అడిగింది న్యాయమే కదయ్యా, మాకూ ఇవేనా ఇచ్చేది?" అన్నాడు. అంతే, క్షణంలో మేడమ్ గారూ అంటూ డబ్బులు వెనక్కి ఇచ్చేశాడు. డబ్బులదేముంది? నా కుండీ పోతే కట్ట కొనుక్కుంటాను, ఆ పెద్దాయనకు అదను పోతే ఎవరిస్తారు? రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష తేదీ, మొలక శాతం లేబుల్ మీద లేకపోతే ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి, బిల్లు అడగండి, చిరాకు పడితే పడనివ్వండి. రంగు పట్టించిన గింజకు మందు పట్టించి ఉంటుంది, వంటగదిలోకి అస్సలు తేవద్దు.

ఇక రకాల సంగతి. వంట ధనియాలు గింజ కోసం పండించిన పంటవి, అందుకే తొందరగా కాడ లేచి పూతకొచ్చాయి, పై ఆకులు సన్నగా దారాల్లా చీలిపోయాయి. కానీ చారులో ఆ వాసన ముందు ఏదీ నిలవదు. అర్క ఇషా ఆకు వెడల్పు, పూత ఆలస్యం, మొదలు వదిలి కోస్తే మళ్లీ చిగురేసింది. పచ్చడికి ఇదే, నా మాట నమ్మండి. గుంటూరు దగ్గర లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) నుంచి వచ్చిన స్వాతి, సింధు పేర్లు కూడా వింటుంటాం, అవి గింజ దిగుబడి చూసి తయారు చేసిన రకాలు, ఆకు కోసమైతే వాటి వెంట పడక్కర్లేదు.

మార్చి దాటితే మన ఎండలకు పూత తొందరగా వచ్చేస్తుంది, వేసేవాళ్లు చలికాలంలోనే వేసేయండి.