16 కిలోల బ్యాగు, అరకిలో ఆవకాయ

ఏప్రిల్ మొదటి వారంలో నేనూ మా బావా ఉత్తరాఖండ్ హిమాలయాల్లో దేవరియాతాల్ అనే సరస్సు మీదుగా చోప్తా దాకా నడిచాం. ఊఖీమఠ్ దగ్గర సారీ అనే పల్లెలో ఎక్కడం మొదలు. అక్కడ గైడు కుర్రాడు నా బ్యాగు ఓసారి ఎత్తి చూసి కింద పెట్టేసి, "ఇందులో ఏముంది భయ్యా, గ్యాస్ సిలిండరా?" అన్నాడు. 16 కిలోలు. నా బరువు 68. ఒంటి బరువులో ఐదో వంతు మించకూడదని తెలుసు, సర్దేటప్పుడే తెలుసు, అయినా మూడు జీన్సులు, రెండో పవర్ బ్యాంకు, వద్దంటే అమ్మ బాధపడుతుందని ఆవకాయ సీసా, అన్నీ లోపలికెళ్ళిపోయాయి.

దేవరియాతాల్ మూడు కిలోమీటర్ల లోపే, కానీ మొత్తం ఎక్కుడే. అరగంటకే భుజాలు మండిపోయాయి. కుర్రాడు నన్ను ఆపి, భుజాల పట్టీలు వదులు చేసి, నడుం బెల్టుని తుంటి ఎముక మీదకి తెచ్చి గట్టిగా బిగించి, ఆ తర్వాత మళ్ళీ పై పట్టీలు లాగాడు. బరువు నడుం మీదకి దిగింది. అంతకుముందు ఆ బెల్టు అలంకారానికనుకున్నాను, నిజంగా.

తాల్, అంటే ఆ సరస్సు, 2,438 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పొద్దున్నే గాలి లేవకముందు చూస్తే నీళ్ళలో చౌఖంబా శిఖరం కనిపిస్తుంది. యక్షుడు ధర్మరాజుని ప్రశ్నలడిగింది ఇక్కడేనని అక్కడివాళ్ళ నమ్మకం. "మూడు జీన్సులెందుకు? దీనికి ధర్మరాజు కూడా జవాబు చెప్పలేడు" అన్నాడు బావ.

రాత్రి పప్పు ఉడకలేదు. ఆ ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేకుండా కందిపప్పు పెట్టడం మా తెలివి. సరే ఆవకాయన్నా ఉంది కదా అని బ్యాగులో చెయ్యి పెడితే చెయ్యంతా నూనె. పైకెళ్ళేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, పడుకోబెట్టిన సీసాలోని గాలి వ్యాకోచించి నూనెని మూత సందుల్లోంచి తోసేసింది. జీన్సులు మూడూ తాగేశాయి. తాల్‌లో ఉతకడానికి లేదు, పవిత్రమైన నీళ్ళు. ఈ అడవిలో ఎలుగుబంట్లు ఉన్నాయి, వాసనొచ్చేవేవీ టెంటులో వద్దని కుర్రాడు వాటిని దూరంగా ఒక చెట్టుకి కట్టేసి వచ్చాడు. నాకు నిద్ర పడితే ఒట్టు.

మర్నాడు రోజంతా అడవిలోనే. నీళ్ళు దొరికే చోట్లు తక్కువ కాబట్టి తలా మూడు లీటర్లు, అంటే బ్యాగు మళ్ళీ మొదటికొచ్చింది. బాంజ్ (ఓక్) చెట్ల ఎండుటాకులు చీలమండ దాకా ఉన్నాయి, దిగుడులో జారుడుబల్లే. బురాంశ్ (రోడోడెండ్రాన్) పూలు కింద ఎర్రగా, పైకెళ్తుంటే గులాబీ రంగులో. రోహిణీ బుగ్యాల్ (బుగ్యాల్ అంటే కొండమీది పచ్చిక మైదానం) చూడగానే ఇక్కడే పడుకుందామన్నాడు బావ. కుదరదు, 2018లో హైకోర్టు బుగ్యాళ్ళలో రాత్రి బస నిషేధించింది.

ఆ మరుసటి రోజు సామాను చోప్తాలో వదిలేసి, ఒక్క నీళ్ళ సీసాతో తుంగనాథ్ శివాలయానికి ఎక్కాను. 3,680 మీటర్లు. గుడి మూసే ఉంది, చలికాలమంతా స్వామి కింద మక్కూమఠ్ అనే ఊళ్ళో ఉంటాడట. వీపు మీద ఏమీ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు నాకు.

సాయంత్రం ఢాబాలో మిగిలిన ఆవకాయ రొట్టెలో పెట్టి కుర్రాడికిచ్చాను. చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళలో నీళ్ళు. సీసా మాత్రం తిరిగివ్వలేదు.