పోయిన ఆదివారం పోటు, ఈ ఆదివారం పాటు

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరంగి మడ అడవి. పోయిన ఆదివారం పొద్దున్న చూసొచ్చిన చుట్టాలు ‘కొమ్మల్లోంచి పడవలో పోతుంటే భలే ఉంది, పీతలూ గీతలూ ఏం లేవు’ అన్నారు. ఈ ఆదివారం అదే వేళకి మేం ఐదుగురం వెళ్తే చెక్క వంతెన కింద చుక్క నీరు లేదు, అంతా బురదే. పడవ ఎక్కుదామని వచ్చిన పిల్లల మొహాలు మాడిపోయాయి. ఆటో అతను వెయిటింగ్‌కి అడిగిన డబ్బులు విన్నాక నాదీ మాడింది.

ఇందులో వింతేం లేదు. పోటు, అంటే సముద్రపు నీరు పైకొచ్చే వేళ, రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. వారానికి అది దాదాపు ఆరు గంటలు, అంటే పోటు ఉండాల్సిన వేళకి పాటు, నీరు దిగిపోయి ఉంటుంది. వెళ్లే రోజు వేళ చూసుకోవాలి గానీ, పోయిన వారం వెళ్లినవాళ్ల మాట పట్టుకోకూడదు. అమావాస్యకి, పున్నమికి నీరు మరీ దూరం పోయి బురద ఎక్కువ బయటపడుతుంది. అష్టమి దగ్గర పోటుకీ పాటుకీ తేడా తక్కువ.

జంతువుల్ని చూడాలనుకుంటే మాత్రం పాటే మేలు. నడుస్తూ చూస్తే ఏమీ కనపడదు. అడుగు పడగానే చెక్కలు అదురుతాయి, పీతలన్నీ బొరియల్లోకి దూరతాయి. ఒకచోట ఆగి, బురద మీద నీడ పడకుండా, చేతులు ఆడించకుండా ఐదు నిమిషాలు నిలబడాలి. ముందు చిన్నవి, తర్వాత ఒక డెక్క ఒంటికి మించి పెరిగిన మగవి బయటికొస్తాయి. ఆ డెక్క ఊపేది ఆడపీతని పిలవడానికి, పక్కవాణ్ణి బెదిరించడానికి. ఆడవాటికి రెండు డెక్కలూ చిన్నవే.

తర్వాత నెత్తిన కళ్లున్న చేప, మడ్‌స్కిప్పర్. ముందు రెక్కల మీద మోచేతులు ఆన్చినట్టు పాకుతుంది, తోకతో గెంతుతుంది. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు చర్మంతోనూ గాలి పీలుస్తుంది, అందుకే మధ్యమధ్య గుంటలో పొర్లుతుంది. దీన్ని మొదట చూసింది మా అత్తయ్యగారు, అదీ కళ్లజోడు లేకుండా. పిల్లలకి 8 రెట్ల బైనాక్యులర్ చాలు, 10 రెట్లదైతే చేతి వణుకే కనిపిస్తుంది.

బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చినవి మడ చెట్ల ఊపిరి వేర్లు. ఆ చెట్ల ఆకుల మీద వేలు రాసి నాకితే ఉప్పు తగులుతుంది. పిల్లలు ప్రతి చెట్టుకీ ఇదే పరీక్ష పెడతారు, అక్కడే జాగ్రత్త. వీటి మధ్యే పెరిగే తిల్ల చెట్టు పాలు కళ్లలో పడితే ప్రమాదం. చెట్టు పోల్చుకోలేకపోతే చెయ్యి వెయ్యనివ్వకండి.

దోమలకి పొడుగు చేతుల చొక్కా, తడి చెక్కల మీద జారని చెప్పులు. బావురుపిల్లిని (చేపలు పట్టే అడవిపిల్లి) చూపిస్తామని పిల్లలకి మాటివ్వకండి, అది రాత్రి తిరిగేది. నీటికుక్క కూడా మాకు కనపడలేదు. గట్టున చేప పొలుసులు నిండిన దాని పెంట మాత్రం కనిపించింది, చిన్నాడు దానికే మూడు ఫొటోలు తీశాడు.