ఆఖరున జరిగిన పరీక్ష

పిల్లలు కలగక, పెళ్లయిన నాలుగేళ్లలో మా ఆవిడ ఆసుపత్రి ఫైలు దిండంత అయింది. థైరాయిడ్, హార్మోన్లు, లెక్కలేనన్ని స్కానింగులు, చివరికి గర్భసంచిలోకి రంగు మందు ఎక్కించి ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే ఎక్స్‌రే. ఆ రోజు ఆటోలో పొత్తికడుపు పట్టుకుని ఇల్లు చేరింది. అన్నీ బాగానే ఉన్నాయి. అయినా అమ్మ ఆమెను సింహాచలం తీసుకెళ్లి, సంతానం కోసం కప్పస్తంభాన్ని కౌగిలించుకోమంది. నేను బయట చెప్పులకు కాపలా.

"మీవారి రిపోర్టు ఏదమ్మా?" అని కొత్త డాక్టరమ్మ అడిగింది. మగవాడికీ పరీక్ష ఉంటుందని నాకు తెలియదనను. తెలిసే తప్పించుకున్నాను. మూడు రోజుల నిగ్రహం, ఒక చిన్న డబ్బా, ఒక గది. సూది కూడా లేదు.

మిల్లీలీటరుకు 60 లక్షల వీర్యకణాలు వచ్చాయి. 1.6 కోట్లకు తగ్గకూడదట. కదిలేవి అందులో పావు వంతే. రెండో పరీక్షలోనూ అంతే. యూరాలజిస్టు నిలబెట్టి చూసి, ఎడమవైపు వేరికోసిల్ అన్నారు. కాళ్లలో ఉబ్బినట్టే వృషణాల దగ్గరి సిరలూ ఉబ్బుతాయి. వృషణాలు ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి. నిలిచిన రక్తం ఆ చల్లదనాన్ని చెడగొడుతుంది. సాయంత్రాలు అక్కడ బరువుగా ఉండడం ఏళ్లుగా ఉన్నదే. ఆ నెపం బైకు మీద వేశాను, పాపం.

ఒక్క కణాన్ని నేరుగా అండంలోకి గుచ్చే ఇక్సీకి వెళ్లవచ్చు, లేదా ఆమెకు 29 ఏళ్లే కాబట్టి ముందు ఆపరేషన్ చేసి చూడవచ్చు అన్నారు. ఇక్సీ అంటే సూదులన్నీ మళ్లీ ఆమెకే. ఆపరేషనే అన్నాను.

గజ్జల్లో చిన్న కోత పెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ ఉబ్బిన సిరలు కట్టేశారు. మర్నాడే ఇంటికి. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కనుక మూడు నెలల దాకా పరీక్ష వద్దన్నారు. కోత నొప్పి వారంలో పోయింది. ఆ మూడు నెలలే గడవలేదు.

మూడు నెలలకు 1.1 కోట్లు, ఆరు నెలలకు రెండు కోట్లు. శుద్ధి చేసిన వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించే ఐ.యు.ఐ. మొదటిసారి ఫలించలేదు. రెండోసారి గర్భం నిలిచింది.

అమ్మకు మాత్రం ఆపరేషన్ ముందు రోజే చెప్పాను, లోపం నాదని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే సింహాచలం నువ్వు రావాలి కదరా" అంది. కుట్లు మానాక వెళ్లి కప్పస్తంభాన్ని నేనే కౌగిలించుకున్నాను. చెప్పుల దగ్గర మా ఆవిడ కూర్చుంది.