నెట్ పేపర్ 1: చరాలు, పరికల్పన నాకు ఎలా పట్టుబడ్డాయంటే

యూజీసీ నెట్ పేపర్ 1లో 50 ప్రశ్నలు, 100 మార్కులు. సిలబస్‌లోని పది యూనిట్లలో రీసెర్చ్ ఆప్టిట్యూడ్ ఒకటి. చరాలు (వేరియబుల్స్, అంటే మారే అంశాలు), పరికల్పన (హైపోథెసిస్, అంటే పరీక్షించి చూసే ఊహ) అనగానే మనలో చాలామంది నిర్వచనాలు బట్టీ పట్టేస్తాం. తీరా పరీక్షలో ఒక చిన్న అధ్యయనం చెప్పి, ఇందులో స్వతంత్ర చరం ఏదని అడిగితే టెన్షన్ మొదలవుతుంది.

నాకు ఈ టాపిక్ పట్టుబడింది గణాంక శాస్త్రవేత్త ఫిషర్ టీ ప్రయోగంతోనే. కప్పులో ముందు పాలు పోశారో, టీ పోశారో రుచి చూసి చెప్పగలనని ఒకావిడ అంటుంది. 1935లో వచ్చిన తన పుస్తకంలో ఫిషర్ దీన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. ఎనిమిది కప్పులు, నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు టీ. ఏ నాలుగు ఏవో ఆవిడ చెప్పాలి.

ఇక్కడ పరిశోధకుడు కావాలని మార్చింది పోసే వరుసని, అది స్వతంత్ర చరం. కొలిచేది ఆవిడ చెప్పే జవాబుని, అది పరతంత్ర చరం. మరి ఒక కప్పు వేడిగా, ఇంకోటి చల్లగా ఉంటే? ఆవిడ దాన్నిబట్టే కనిపెట్టేయొచ్చు. అలాంటి బాహ్య చరాల పక్షపాతం రాకుండా కప్పుల్ని యాదృచ్ఛిక క్రమంలో ఇస్తారు.

శూన్య పరికల్పన: ఆవిడకి ఆ నేర్పు లేదు, చెప్పేదంతా ఊహే. ఎనిమిదిలోంచి నాలుగు ఎంచుకునే మార్గాలు 70. అన్నీ గుడ్డిగా సరిపోయే అవకాశం 70లో 1, అంటే దాదాపు 1.4 శాతం. మామూలుగా పెట్టుకునే 5 శాతం హద్దు (సిగ్నిఫికెన్స్ స్థాయి) కంటే తక్కువ కాబట్టి శూన్య పరికల్పనను తిరస్కరిస్తాం. నాలుగింటిలో మూడే సరిగ్గా చెబితే? ఊహతోనే అంత లేదా అంతకంటే బాగా చెప్పే అవకాశం 70లో 17, దాదాపు 24 శాతం. అప్పుడు తిరస్కరించలేం. అలాగని ఆవిడకి నేర్పు లేదని రుజువైనట్టూ కాదు. ఆప్షన్లలో "శూన్య పరికల్పన నిరూపించబడింది" అని కనిపిస్తే అనుమానించండి. (ఫలితం ఏమైందో ఫిషర్ ఆ పుస్తకంలో రాయలేదు. నాకైతే అదే నచ్చింది.)

నేర్పు లేకపోయినా ఉందని తేలిస్తే టైప్ 1 దోషం. ఉన్నా కనిపెట్టలేకపోతే టైప్ 2. శాంపిల్ మార్చకుండా సిగ్నిఫికెన్స్ స్థాయిని 0.05 (అంటే 5 శాతం) నుంచి 0.01కి తగ్గిస్తే మొదటిది తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. దీని మీద వచ్చే స్టేట్‌మెంట్ ప్రశ్నలు వదులుకోకండి.

"తేడా ఉంటుంది" అంటే దిశ లేని పరికల్పన, టూ టెయిల్డ్ టెస్ట్ (ఎక్కువ, తక్కువ రెండు వైపులా చూస్తుంది). "ఎక్కువగా ఉంటుంది" అంటే దిశ ఉన్నది, వన్ టెయిల్డ్. ఇంతే.

తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం పిల్లల పరీక్ష భయాన్ని పోల్చే ప్రశ్న మాత్రం కాస్త ఆగి చదవండి. మీడియం స్వతంత్ర చరమే, కానీ దాన్ని పరిశోధకుడు మార్చలేదు, పిల్లలు ముందే ఆ మీడియంలో ఉన్నారు. కాబట్టి జవాబు ప్రయోగాత్మక పరిశోధన కాదు, ఎక్స్ పోస్ట్ ఫాక్టో (ముందే జరిగిపోయినదాన్ని తర్వాత పరిశీలించడం). పాత పేపర్లలో అధ్యయనం ఇచ్చిన ప్రతి ప్రశ్న పక్కనా ఎవరు ఏం మార్చారు, ఏం కొలిచారు అని రెండు ముక్కలు రాసుకున్నాకే ఆప్షన్లు చూడండి. నెగెటివ్ మార్కులు ఎలాగూ లేవు, ఏ ప్రశ్ననీ ఖాళీగా వదలొద్దు.